లక్ష్మివారం నాటి నూలు

నేను ఇంతవరకు ఏదీ రాయలేదు. ఐదో తరగతితో బడి మానేశాను. పెళ్ళయ్యాక పెన్ను పట్టిందంటే రేషన్ కాగితాల మీద, పిల్లల బడి కాగితాల మీద సంతకానికే. ఇది మా అత్త చెప్పింది, నేను రాశాను. ఆవిడ మాట్లాడినట్టే రాద్దామని చూశాను; లక్ష్మివారం అంటే మా వైపు గురువారం. తప్పులుంటే అవి నావి.

మా అత్త పేరు సూరమ్మ. డెబ్బై ఐదు దాటాయి. పొందూరు దగ్గర మా ఊళ్ళో ఇప్పటికీ రాట్నం మీద నూలు వడికి చిలపలుగా, అంటే కట్టలుగా, చుడుతుంది. నా పేరు పైడితల్లి, ఆవిడ చిన్నకోడలిని. అత్తకి ఒక్కడే అన్న, అప్పన్న. నాకు పెదనాన్న వరస. ఆమదాలవలస దాటాక పక్క ఊళ్ళో ఉంటాడు. ఆటోలో ముప్పావు గంట. నేను ఈ ఇంటికి వచ్చి ఇరవై ఆరేళ్ళయింది, ఇన్నేళ్ళలో ఆయన మా గుమ్మం తొక్కలేదు. ఎందుకని అడిగితే అత్త పాత ఊసులే అని లేచి వెళ్ళిపోయేది.

మొన్న మంగళవారం ఒక కళ్ళద్దాలాయన కారులో వచ్చాడు. జిల్లాలో పెద్ద నాయకుడు ఒకాయన తన జీవితం పుస్తకంగా వేయిస్తున్నాడట, దాని పని ఈయన చూస్తున్నాడట. ఆ నాయకుడి పేరు నేను రాయను. వయసులో ఉండగా ఆయన రహస్యంగా నడిచే విప్లవ సంఘంలో ఉన్నాడని అందరికీ తెలుసు. మా అత్త కూడా అందులో పనిచేసిందని మాత్రం నాకు ఆ రోజే తెలిసింది. కళ్ళద్దాలాయన ఒక కాగితం ఇచ్చాడు. అది అత్త చెప్పినట్టుగా ఆయనే రాసుకొచ్చాడు. అందులో ఇలా ఉంది: "పోలీసులు వచ్చిన రోజు భయం వల్ల, తెలియనితనం వల్ల, గుర్తుగా వేయవలసిన నూలు చిలపలను దండెం మీద వేయలేకపోయాను. ఆ కారణంగా మా అన్న పట్టుబడ్డాడు. అయినా నాయకుడు నన్ను చెల్లెలిగా క్షమించారు." పైన నాయకుడు తన అప్పటి మారుపేరు, అత్తని సంఘంలో పెట్టింది తనేనని అచ్చేయించుకున్నాడు; సంఘంలోని పేర్లన్నీ పుస్తకంలో వేస్తున్నారట. కింద వేలిముద్రకి చోటు వదిలాడు. పుస్తకం విడుదల చేసే రోజు అత్తకి స్టేజీ మీద శాలువా కప్పుతారట. అప్పన్న పెదనాన్న కూడా వస్తానన్నాడట, అన్నాచెల్లెళ్ళని పక్కపక్కన కూర్చోబెడతారట. శుక్రవారం వచ్చి కాగితం తీసుకుంటానని వెళ్ళాడు.

అత్త ఆ కాగితం నాచేత మూడుసార్లు చదివించుకుంది. మూడోసారి బుధవారం మధ్యాహ్నం, అన్నాలు తిన్నాక. అప్పుడు అడిగాను.

"అత్తా, ఇందులో ఉన్నది నిజమేనా?"

*

నిజమేనమ్మా. సిలపలు ఎయ్యనేదు. ఆ రోజు మన దండెం కాళీగానే ఉన్నాది. మన దండెం అంటే ఇది కాదులే, మాయమ్మ ఇంటిది. ఆ సివరి ఈదిలో ఇప్పుడు సెల్లు టవరు నేదూ, అక్కడే మా ఇల్లు. ఎనక పెరడు, పెరడు దాటితే గట్టు, గట్టు మీద తాటితోపు. తోపులో నిలబడి సూస్తే మా దండెం తిన్నగా కనపడతాది. అందుకే మా దండేన్నే ఎంచినారు.

ఆ కాగితంలో భయం అని రాసినాడు. అది అబద్దం. నాకు భయం నేదని కాదు. భయం ఉన్నాది, అందరికీ ఉన్నాది. కానీ సిలపలు ఎయ్యనిది భయం వల్ల కాదు. ఉండు, మొదట్నుంచి సెప్తాను, నేకపోతే నీకు అర్దం కాదు.

నాకప్పుడు పంతొమ్మిదో ఇరవయ్యో. పెళ్ళవనేదు. మానాయిన పోనాడు. మాయమ్మా నానూ నూలు ఒడికీవోళ్ళం, మాయన్న కూలికెల్లీవోడు. కూలంటే పొద్దు పొడిసినకాడ్నుంచి పొద్దోయేదాకా వంగితే రెండు కుంచాల వడ్లు. ఆ కుంచం కూడా లోపల అడుగు పైకి తోసీసిన కుంచం. బియ్యం అప్పుడు రూపాయికి... ఎంతో మరి. మీ పెద్దాడపడుసు పుట్టినప్పటి దరే నాకు గుర్తు, అది తరవాతి ఊసు. ఒగ్గీయి.

అలగున్నప్పుడు మాయన్న ఒక బాబుని ఇంటికి తెచ్చినాడు. పేరు రంగడు అన్నాడు. రంగడంటే మాలాంటి కూలోళ్ళ పేరు కదా. సేతులు సూస్తే తెలిసిపోనాది నాకు, అవి బరువు పట్టిన సేతులు కాదు. పొడుగ్గా, ఎర్రగా, బాగుండీవోడు. అసలు పేరు అడక్కూడదు. ఏ ఊరో అడక్కూడదు. సంగంలో ఒకలకి ఒకలే తెలియాల. నాకు రంగడు తెలుసు. రంగడికి పైన ఎవలో నాకు తెలీదు. మాయన్నకి ఏరే ఇంకోడు తెలుసు. మొదట ఇంటికి తెచ్చినోడు మాయన్నే అయినా, నన్ను సంగంలో కలుపుకున్నాక ఆ పని రంగడికీ నాకూ మద్దినే. మాయన్నకి కూడా సెప్పకూడదు. దండెం కాడ గుర్తు ఉంటాదని మాయన్నకి తెలుసు, నానేస్తానని తెలుసు. ఆ గుర్తు ఎవడు పెట్టినాడో ఆడికి తెలీదు. ఇది గుర్తెట్టుకో, ముందరికి పనొస్తాది.

మంచోడా అంటావా. అదే నాను ఇన్నేళ్ళూ ఆలోసించినాను. ఇను. మా ఇంట్లో సోడంబలి తాగీవోడు. తాగలేక తాగడం కాదు, ఇంకో ముంత ఎయ్యమ్మా అనీవోడు. తాగీసి ముంత తనే కడిగీవోడు, మాయమ్మ ఎంత సెప్పినా ఇచ్చీవోడు కాదు. ఆ ముంత కడిగిన పిల్లోడు ఎక్కడో మేడ మీద పుట్టినోడని మాకు అనుమానమే. ఒకసారి మాయమ్మకి సలిజొరం వచ్చి మనిసి కొట్టుకుపోతంటే, మాయన్న ఇంట్లో నేడు, ఆయనే మాయమ్మని వీపునేసుకుని పొందూరు డాక్టరు కాడికి నడిసినాడు. వానలో. ఎవలో సూస్తారని కూడా అనుకోనేదు. అది నాటకం కాదు కదా. భూమి దున్నినోడిది అని సెప్పినప్పుడు ఆయన గొంతు వణికీది. అదీ నాటకం కాదు. నాను నూలు తీసినదాన్ని, ఏలి కిందకి దారం వస్తంటే తెగుద్దో తెగదో ముందే తెలుస్తాది నాకు. ఆ బాబు నమ్మే సెప్పినాడు.

ఒట్టు కూడా పెట్టించినాడు. ఎర్రగుడ్డ మీద సెయ్యెట్టమన్నాడు. నాను అన్నాను, బాబూ ఆ గుడ్డ ఏటో నాకు తెలీదు, నాకు కూడెట్టిన దాని మీద ఒట్టేస్తాను అని. ఇదిగో ఇది, ఈ వాలుగ సేప దవడ. ఇది కాదులే, దీనికి ముందరిది, మాయమ్మది. దీని పళ్ళతో ఏకితేనే కదా మన పత్తిలో నలకంతా పోయి ఆ సన్నం వస్తాది. దీని మీద సెయ్యెట్టి సెప్పినాను, సంగం మాట, సంగంలోని మనిసి పేరు, నా నోటంట బయటికి రాదని. ఆయన నవ్వినాడు. ఎర్రగుడ్డ మడిసి జేబులో ఎట్టుకున్నాడు. తప్పుగా నవ్వడం కాదు, ముద్దొచ్చి నవ్వినాడు.

నా పని ఏటంటే కాగితాలు మొయ్యడం. ఏకు సుట్టినప్పుడు లోపల సన్నంగా సుట్టిన కాగితం ఎట్టీసి, దాని మీద దూది సుట్టీసి, మిగతా ఏకుల్తో కలిపి అరిటిడొప్పలో ఎట్టుకుని రైలెక్కి ఆమదాలవలసలో దిగిపోడమే. ఒకసారి టేసను కాడ ఒక పోలీసాయన డొప్ప ఇప్పించినాడు. ఇంత దూది ఎవలికే, పీనుగు ముక్కులోకా అన్నాడు. మీకు కాదులే బాబు, మీరింకా బాగానే ఉన్నారు కదా అన్నాను. పక్కనున్నోళ్ళు నవ్వీసినారు, ఆయన సిగ్గుపడి పొమ్మన్నాడు. ఎక్కడ్నుంచి వచ్చిందో ఆ నోరు. ఇప్పుడు బేంకులో కాయితం అడగడానికి కూడా నిన్ను ముందరికి తోస్తాను.

నాకు నాలుగు అచ్చరాలు నేర్పించు బాబూ అని అడిగినాను ఆయన్ని. రెండుసార్లు అడిగినాను. సదువు రాకపోడమే నిన్ను కాపాడతాదమ్మా, పట్టుకున్నా నీకు లోపల ఏటున్నాదో తెలీదు కాబట్టి సెప్పలేవు అన్నాడు. నిజమే అనిపించింది నాకు. ఇప్పుడూ తప్పని అనను. కానీ అప్పుడు నేర్పీసుంటే మొన్న ఆ కాగితం నానే సదివీసుందును, నీ సేత మూడుసార్లు సదివించీ పని నేకపోను.

ఇప్పుడు సిలపల ఊసు. ఊళ్ళోకి పోలీసులొస్తే నాను దండెం మీద నూలు సిలపలు ఆరెయ్యాల. సిలపలు కనపడితే తోపు దాటి రాకూడదు. దండెం కాళీగా ఉంటే రావొచ్చు. సీరలు గావంచాలు రోజూ ఆరేస్తాం కాబట్టి వాటికి లెక్క నేదు, సిలపలే గుర్తు. ఇది రంగడి బుర్రలో పుట్టింది. మంచి బుర్రే. కానీ ఆయనకి నూలోళ్ళ వారం తెలీదు కదా.

లక్ష్మివారం లక్ష్మివారం మనం ఏటి సేస్తాం? వారమంతా ఒడికిన నూలు ఖద్దరాఫీసుకి మోసీసి, మళ్ళీ పత్తి తెచ్చుకుంటాం. అప్పుడూ అంతే. పొద్దున్నే ఊళ్ళో నూలు తీసిన ఆడోళ్ళందరూ మూటలెత్తుకుని ఎల్లిపోవడమే. ఆ రోజు ఏ ఇంట్లోనూ ఒక్క సిలప మిగల్దు. దాసుకుందామంటే ఇచ్చిన పత్తికీ తెచ్చిన నూలుకీ తూకం కుదరాల, నేకపోతే మరి పత్తి ఇవ్వరు. మన పిల్లలక్కూడా తెలుసు ఇది. రంగడికి నానే సెప్పినాను. బాబూ, లక్ష్మివారం మద్దినం నుంచి మర్నాటి దాకా మా ఇళ్ళల్లో సిలపలుండవు, ఆ ఏల పోలీసులొస్తే నా కాడ గుర్తు ఎయ్యడానికి ఏటీ ఉండదు, లక్ష్మివారం మాత్రం ఎవలూ దిగొద్దని కబురెట్టండి అని. మా గుమ్మంలో నిలబడి సెప్పినాను. ఆయన తలూపినాడు. మంచిమాట సెప్పినావమ్మా, కబురెడతాను అన్నాడు. నా మొకం సూసి తలూపినాడు.

కుంచెం మంచినీళ్ళియ్యి.

అప్పటికి మాయన్న ఊళ్ళో ఉండడం మానీసి రెండు మూడు నెలలు. కొండల్లోకి ఎల్లిపోనాడు. కొండ మీద వారమేటి, పున్నమేటి. మాయమ్మకి మళ్ళీ జొరం వచ్చిందని ఎవలో సెప్పినారట ఆడికి. దిగొచ్చినాడు. అది లక్ష్మివారం.

నాను నూలిచ్చీసి పత్తి తెచ్చుకుని ఇంటికొచ్చీసరికి మద్దినం దాటింది. మా అరుగు మీద ఇద్దరు పోలీసులు. ఇంకొందరు ఈది మొదట్లో ఉన్నారు. మాయన్న వస్తాడని నాకు తెలీదు, కానీ ఎవలైనా రావొచ్చు కదా. సిలప కావాల. మూడిళ్ళు తిరిగినాను, పిన్నీ ఒక్క సిలప ఉంటే ఇయ్యి, అప్పా ఒక్క సిలప ఇయ్యి అని. లక్ష్మివారం సిలప అడుగుతావేటే, మతిపోనాదా అని నవ్వినారు. ఎందుకో సెప్పలేను కదా.

ఇంటికొచ్చి సూస్తే నా కదురు మీద పొద్దున్న, ఎల్లడానికి ముందు తీసిన నూలు కుంచెం ఉన్నాది. అదే ఇప్పి, అటూ ఇటూ నాలుగు పోగులు కలిపి దండెం మీద ఏసినాను. మన నూలు నీకు తెలుసు కదా. సేతిలో ఉంటేనే కనపడదు. దాన్ని పట్టుకుని ఎవలికి సూపిస్తావు? అరుగు మీద పోలీసాయన నన్నే సూస్తన్నాడు, ఏటే, గాలి ఆరేస్తన్నావేటి అన్నాడు. అవును బాబూ, గాలే అన్నాను.

పొద్దోతన్నాది. తాటితోపు ఎనక ఎండ ఎర్రబడింది. మాయన్న గట్టు దిగి పెరట్లోకి వచ్చీసినాడు. సేతిలో జామకాయలున్నాయి, మాయమ్మకని. పట్టుకున్నారు. కొట్టుకుంటూ తీసుకెల్లినారు. ఆడు దండెం కేసి సూసినాడు, నా కేసి సూసినాడు. ఆ సూపు అంతే. మాయమ్మ మంచం మీద్నుంచి ఎవలే వచ్చింది అని అడుగుతనే ఉన్నాది. ఎవలూ నేరమ్మా అన్నాను.

ఆరేళ్ళు ఉంచినారు ఆణ్ని. మాయమ్మ ఆ ఏడే పోనాది, ఆడు సూడనేదు.

రంగడా? ఆ రోజు రంగడు ఏరే ఊళ్ళో ఉన్నాడట. పెద్ద మీటింగు. పై వోళ్ళందరూ కూడి మూడు రోజులు వాదాడుకున్నారట, ఎవల్ని ముందు దింపాల, ఏ దేశం దారిలో ఎల్లాల అని. తరవాత తెలిసింది నాకు. నా లక్ష్మివారం ఆ మూడు రోజుల కింద పడిపోనాది. అంతే. మాయన్నని అమ్మీనేదు ఆయన. పోలీసులకి సెప్పనేదు. అలగ అనుకునీవోళ్ళు ఉన్నారు గానీ నాను అననేదు, అనను. కబురెడతాను అన్నాడు, ఎట్టడం మర్సిపోనాడు.

కొన్నాల్లకి ఆయన్నీ పట్టుకున్నారు, ఆల్ల మావయ్య గారింట్లోనట. ఆయన నాన్న సమితి పెసిడెంటు. మంత్రి ఉత్తరం పట్టుకుని ఆ నాన్న కారులో ఎల్లినాడు, నెల్లో ఇంటికొచ్చీసినాడు. మానాయిన బతికున్నా ఏ ఉత్తరం పట్టుకెల్తాడు. సరే. సంగం నుంచి ఇంకో మనిసి వచ్చి నన్ను అడిగినాడు, ఎందుకు ఎయ్యనేదు అని. రంగడికే సెప్తాను అన్నాను. నాకు తెలిసింది రంగడొక్కడే కదా, ఒట్టు అలగే కదా. ఆయనింక రాడమ్మా అన్నాడు. అయితే నాను సెప్పడానికి ఏటీ నేదు అన్నాను. ఆల్లు రాసుకున్నారట, ఆడమనిసి భయపడింది అని.

ఆయన అసలు పేరు నాకు ఎప్పుడు తెలిసిందనుకున్నావు. మీ పెద్దాడపడుసుని సంకనెట్టుకుని ఆమదాలవలస టేసను కాడ దిగితే గోడ మీద ఓట్ల పోస్టరు. దండలేసుకుని, నవ్వుతూ, రంగడు. కింద పేరు ఏటని పక్కనున్న మనిసిని అడిగితే సదివి సెప్పినాడు. అప్పుడు నెగ్గినాడు, మళ్ళీ నెగ్గినాడు, పార్టీలు మారినాడు. ఓట్లకి ఒకసారి మా ఈదికీ వచ్చినాడు. జనం మద్దిలోంచి నన్ను గుర్తుపట్టీసినాడు. అందర్నీ ఆగమని నా కాడికొచ్చి సేతులు పట్టుకున్నాడు. ఎవలికీ ఇనపడకుండా అన్నాడు, "సూరమ్మా, ఆ లక్ష్మివారం మర్సిపోయానమ్మా."

కళ్ళంట నీళ్ళెట్టుకున్నాడు. అదీ నాటకం కాదు. ఓటు కూడా ఏసినాను ఆయనకి.

మరి ఇప్పుడు ఈ కాగితం ఏటి అంటావు. నాకూ తెలీదు. ఆ కళ్ళద్దాలాయన రాసినాడో, పాత రాతల్లో ఉన్నదాన్ని ఎత్తి రాసినాడో, ఈయనే సెప్పినాడో. ముసిలాయన అయిపోనాడు కదా. రోజూ దండలేసీవోళ్ళ మద్దిన ఉంటే, మర్సిపోయినానన్న సంగతి కూడా మర్సిపోతారు గావాల.

మాయన్న ఊసు సెప్పనేదు కదా. ఆరేళ్ళ తరవాత వచ్చినాడు. మాయమ్మ ఇంటికి కాదు, తిన్నగా ఇక్కడికే, నాకు పెళ్ళయిపోనాది. అదిగో ఆ గుమ్మం అవతల నిలబడినాడు. గెడ్డం, ఎముకలు. మంచినీళ్ళియ్యబోతే తీసుకోనేదు. "ఒలే సూరీ, సిలప ఎందుకు ఎయ్యనేదే?" అన్నాడు. అంతే అడిగినాడు.

నాను సెప్పనేదు.

సెప్తే ఏటి అడుగుతాడు? లక్ష్మివారం అని ముందే తెలుసు కదా, ఎవలికి సెప్పినావు అంటాడు. పేరు సెప్పాల. ఒట్టున్నాది. ఒట్టు ఒగ్గీసినా, మాయన్న అప్పుడు ఏ మనిసి అనుకున్నావు? కత్తి పట్టుకుని తిన్నగా ఆ బాబు ఇంటికి పోయీవోడు. మళ్ళీ జైలే. ఆరేళ్ళు పోనాయి, మిగతావైనా ఉండనీ అనుకున్నాను. నా మీద కోపంతో ఉంటే బతికే ఉంటాడు కదా. ఎల్లిపోనాడు. వదినొచ్చింది ఆడికి, పిల్లలు పుట్టినారు, నాను ఎవలి పెళ్ళీ సూడనేదు. మీ మావ పోయినప్పుడు కూడా స్మశానానికి తిన్నగా ఎల్లి అక్కడ్నుంచి అటే పోనాడు. నీకు తెలుసు.

ఇప్పుడు ఈ కాగితం మీద ఏలేస్తే మాయన్న పక్కన కూకోవొచ్చు. నిజం సెప్పాలంటే ఏసీద్దామనుకున్నాను. నవ్వకు. మంగళారం రేత్రి అంతా అదే అనుకున్నాను. ఎంతసేపు కూకోబెడతారు, గంటో రెండు గంటలో. ఆడి సెయ్యి నాకు తగులుతాది కదా. అబద్దమైతే ఏటి, ఎవలికి కావాల ఇప్పుడు.

కానీ నువ్వు మూడోసారి సదివినప్పుడు తోసింది. ఆ కాగితంలో ఆయన పేరు ఆయనే అచ్చేయించుకున్నాడు. రంగడంటే నానే అని, ఫలానావోళ్ళ కూతుర్ని సంగంలో నానే ఎట్టినాను అని. సంగంలోని పేర్లన్నీ పుస్తకంలో ఏసీసినారంటన్నావు కదా. పెద్దోళ్ళందరూ సెప్పీసుకున్నాక, నా నోటికొక్కదానికే తాళమెందుకు? వాలుగ దవడ మీద ఏసిన ఒట్టు ఇవ్వాల్టితో తీరిపోనాది. నాను తియ్యనేదు, ఆయనే తీసినాడు.

మాయన్న నన్ను క్షమించి నా పక్కన కూకోవడం నాకొద్దు. నిజం తెలిసి, అప్పుడూ రానంటే సరే.

నువ్వు రాయి. నీకు రాత బాగుంటాది, నాకు సూడ్డానికి బాగుంటాది. మనవడి పుస్తకంలో ఎనక కాళీ కాయితాలున్నాయి కదా. నాను మొదట్నుంచి మళ్ళీ సెప్తాను, నువ్వు మెల్లిగా రాసుకో. కత్తులు పట్టీ వయసు దాటిపోనాది ఇప్పుడు ఇద్దరికీ, మాయన్నకీ ఆ బాబుకీ. ఆ బాబుని తిట్టినట్టు రాయకు. ముంత కడిగినాడని కూడా రాయి. మాయమ్మని మోసినాడని రాయి. అన్నీ రాయి. అప్పుడే కదా అది...

ఇక్కడిదాకా రాసీసినావా? సెయ్యి నొప్పెడతందా? ఆగు కుంచెం. నువ్వు సల్లగుండాలమ్మా. ఇరవై ఆరేళ్ళు ఏదీ అడక్కండా ఉన్నావు నన్ను. నీ పిల్లలు ఏది నమ్మితే అది నమ్మనీ. దాంతోపాటు పక్కనున్నోళ్ళ వారం కూడా గుర్తెట్టుకోమని సెప్పు. అంతే మరి... దీపం పెట్టు, పొద్దోయింది.

*

మర్నాడు లక్ష్మివారం. అత్త ఎప్పట్లాగే చిలపలు మూటగట్టుకుని ఖద్దరాఫీసుకి వెళ్ళింది. నేను నోటుపుస్తకం సంచిలో పెట్టుకుని ఆటో ఎక్కాను. ఒక్కదాన్నీ అంత దూరం ఎప్పుడూ వెళ్ళలేదు. మగవాళ్ళ ఎదుట మాట్లాడాలంటే నాకు గొంతు పెగలదు. చదవడమైతే తల ఎత్తక్కర్లేదు కదా అనుకున్నాను.

అప్పన్న పెదనాన్న వాకిట్లో నులకమంచం మీద ఉన్నాడు. ఎవరినో చెప్పాను. కూర్చోమనలేదు, పొమ్మనలేదు. నిలబడే చదివాను, మొదటి నుంచి చివరిదాకా. రంగడి పేరు వచ్చినప్పుడు ఆయన కదల్లేదు. ఆ రంగడెవరో పుస్తకం వల్ల తెలిసే ఉంటుంది. లక్ష్మివారం అన్నచోట చెయ్యి ఎత్తి ఆపమన్నాడు.

"ఏ వారం అన్నాది?"

చెప్పాను. మళ్ళీ చదవమన్నాడు, అక్కడి నుంచి. కదురు మీద నూలు విప్పి దండెం మీద వేసిన దగ్గర మళ్ళీ ఆపాడు. లోపల ఆయన కోడలు గిన్నెలు తోముతోంది.

"ఆయేల తోపులో నిలబడి సూసినానమ్మా," అన్నాడు. "దండెం మీద ఎండకి ఏదో మెరిసింది. సాలిగూడు అనుకున్నాను. నూలు ఒడికిన ఇంట్లో పుట్టినోణ్ణి, సాలిగూడు అనుకున్నాను."

నేను నోటుపుస్తకం అక్కడే తిరగేసి, ఆ మాట కూడా కింద రాశాను. ఆయనకి సంతకం వచ్చు. పెట్టమని అడిగాను. వంకరగా పెట్టాడు. తర్వాత లోపలికి వెళ్ళి చొక్కా వేసుకొచ్చాడు.

తిరుగు ఆటో ఇద్దరం ఎక్కాం. మేం వచ్చేసరికి అత్త ఇంకా రాలేదు. ఆయన గుమ్మం దాటి తిన్నగా పెరట్లోకి వెళ్ళి, ఖాళీగా ఉన్న దండెం దగ్గర నిలబడ్డాడు. నేను మంచం వాల్చి, వంటింట్లోకి వెళ్ళి ఎసట్లో ఒక డబ్బా బియ్యం ఎక్కువ పోశాను.